ఏటేటా పుట్టింటి పసుపు కుంకుమ
పెనుగంచిప్రోలు తిరునాళ్ళు వచ్చాయంటే మెట్ట ప్రాంతంలోని దారులన్నీ మున్నేటి వైపే సాగుతాయి. జగ్గయ్యపేట, నందిగామ, మధిర, ఖమ్మం వైపుల నుంచి జనం తరలివస్తారు. ఒకప్పుడు ఎడ్లబండ్ల మీద వచ్చేవారు, ఇప్పుడు ట్రాక్టర్ల మీద, ఆటోల మీద, బస్సుల్లో వస్తున్నారు. మున్నేట మునిగి, తడిబట్టలతో గుడికి నడిచి, మొక్కు తీర్చుకుని, పిల్లలకు బొమ్మలూ బత్తాసులూ కొనిపెట్టి ఇంటిదారి పడతారు. ఇంతమందిలో ఒక ఊరివారికి మాత్రం ప్రత్యేకమైన హోదా వుంది. మిగిలిన ఊళ్ళవారు భక్తులుగా వస్తే వారు పుట్టింటివారుగా వస్తారు. ఆ ఊరు అనిగండ్లపాడు.

అమ్మవారు తిరుపతమ్మ అనిగండ్లపాడు ఆడపడుచు. అందుకే తిరునాళ్ళకు ఆ ఊరి నుంచి పసుపు కుంకుమలు బండ్ల మీద ఊరేగింపుగా వస్తాయి. అత్తవారింట వున్న అక్కకో చెల్లెలికో పండుగకు సారె పంపినట్టే పంపుతారు. ఆ చెల్లెలు కన్నుమూసి తరాలు గడిచాయి. పంపేవారిలో ఆమెను చూసినవారు గానీ, చూసినవారిని చూసినవారు గానీ ఎవరూ లేరు. అయినా సారె ఆగలేదు.

చిన్న వయసులో పోయిన తోబుట్టువును గుర్తుపెట్టుకోవడం ఎలాగో చెప్పమంటే మన ప్రాంతంలో ఇంతకన్న పెద్ద సాక్ష్యం దొరకదు. తోడబుట్టినవారిని పోగొట్టుకున్న ఇల్లు లేని ఊరు వుండదు. ఒక ఇల్లు చేయలేని పనిని ఒక ఊరు ఎలా చేస్తూ వచ్చిందో చూడడం అందరికీ పనికివచ్చే సంగతి.

కథ ఇదీ

తిరుపతమ్మ కథ ఈ జిల్లాలో తెలియనివారు అరుదు. బుర్రకథలుగా విన్నాం. 1963లో సినిమాగా కూడా వచ్చింది. ఎన్.టి. రామారావు, కృష్ణకుమారి అందులో నటించారు. పెద్దలు చెప్పే కథ క్లుప్తంగా ఇలా వుంటుంది.

అనిగండ్లపాడులో కొల్లా శివరామయ్య, రంగమాంబ దంపతులకు తిరుపతి వెంకన్న వరాన పుట్టిన బిడ్డ కనుక తిరుపతమ్మ అని పేరు పెట్టారు. పెనుగంచిప్రోలు వాస్తవ్యుడు కాకాని గోపయ్యకు ఇచ్చి పెళ్ళి చేశారు. మొగుడూ పెళ్ళాలు అన్యోన్యంగానే వున్నారు. కాని అత్తవారింట మిగిలినవారితో పొసగలేదు. మాటలతో మొదలైన రాపిడి నిందల దాకా వెళ్ళింది. కరువు రోజుల్లో గోపయ్య ఆలమందలను తోలుకుని మేతకు దూరపు అడవులకు వెళ్ళాడు. మొగుడు ఊళ్ళో లేని సమయంలో తిరుపతమ్మకు కుష్టు సోకింది. ఇంట్లో చోటు పోయి పశువుల కొట్టం దిక్కయింది. ఆ స్థితిలో పాపమాంబ అనే ఇల్లాలు ఆమెను ఆదరించి సేవ చేసింది. అడవిలో గోపయ్య పులి వాత పడ్డాడు. ఆ సంగతి తెలిసి తిరుపతమ్మ యోగాగ్నిలో దేహం చాలించింది. తరువాత ఊరు కళ్ళు తెరిచింది. గుడి కట్టింది. గోపయ్యతో సహా ఆమెను ప్రతిష్ఠించింది.

ఇందులో ఎంత చరిత్ర, ఎంత మహిమ అనేది ఎవరి నమ్మకం వారిది. కాని కథలోని ప్రతి ముక్కా మన ఇళ్ళలో జరిగేదే. అత్తింటి ఆరళ్ళు, కరువుకు మందను తోలుకుని వలసపోయిన మగవాడు, రోగం వస్తే కొట్టంలో పడకేసిన కోడలు, పరాయి ఇల్లాలి దయ, వయసు మీరకుండానే ఇద్దరి చావు. మెట్టపొలాల బ్రతుకు ఎరిగినవారికి ఇది ఎక్కడో జరిగిన పురాణంలా వినిపించదు.

పుట్టిల్లు ఎక్కడ వుంది?

కథ వినే ఆడవాళ్ళు ఒకచోట తప్పకుండా నిట్టూరుస్తారు. అనిగండ్లపాడు, పెనుగంచిప్రోలు రెండూ పక్కపక్క ఊళ్ళే. ఇప్పుడు ఒకే మండలంలో వున్నాయి. పిల్ల కొట్టంలో పడివుంటే పుట్టింటివారు ఏం చేస్తున్నారు? కబురు అందలేదా? అంది కూడా, పెళ్ళి చేసి పంపాక మన చేతిలో ఏముందని వూరుకున్నారా?

కథ ఈ ప్రశ్నకు జవాబు చెప్పదు. ఊరు మాత్రం జవాబు చెబుతూనే వుంది. ఏటేటా వెళ్ళే పసుపు కుంకుమల బండ్లే ఆ జవాబు. అవి మొక్కుబడి బండ్లే కావచ్చు. కాని బ్రతికి వుండగా వెళ్ళవలసిన మనుషులు వెళ్ళని లోటు వాటిలో వుంది. చిన్నప్పుడే పోయిన తోబుట్టువు విషయంలో వెనక మిగిలినవారిని ముందుగా పట్టి పీడించేది ఈ ఆలోచనే. ఇంకాస్త ముందుగా వెళ్ళివుంటే, ఆ రోజు వెంట వుండివుంటే, ఆ ఆసుపత్రికి కాక మరో ఆసుపత్రికి తీసుకెళ్ళివుంటే అని ముసలితనం దాకా లెక్కలు వేసుకునే అన్నలు, అక్కలు ప్రతి ఊళ్ళోనూ వున్నారు. అనిగండ్లపాడు ఆ లెక్కను పండుగగా మార్చుకుంది. తప్పు ఎవరిదని తేల్చకుండా, ఆమె మా పిల్ల అని మాత్రం ప్రతి ఏడూ చాటుకుంటోంది.

ఊరు ఆమెకు ఇచ్చిన వరుస కూడా గమనించదగ్గది. దేవతలను అమ్మా అని పిలవడం వాడుక. తిరుపతమ్మను కూడా అందరూ అమ్మ అనే అంటారు. పుట్టిన ఊరికి మాత్రం ఆమె ఆడపడుచు. తల్లిదండ్రులు ఎన్నాళ్ళో వుండరు. తోబుట్టువులు పోయాక వారి పిల్లలు, ఆ పిల్లల పిల్లలు అదే వరుస అందుకున్నారు. తోడ పుట్టినవారు కనుక తోబుట్టువులు అన్నారు. ఇక్కడ ఊరు ఊరంతా ఆమెకు తోడ పుట్టినట్టే లెక్క.

రంగులు వెలిసిపోకుండా

ఈ జ్ఞాపకంలో జగ్గయ్యపేటకూ వాటా వుంది. రెండేళ్ళకొకసారి పెనుగంచిప్రోలు గుడిలోని తిరుపతమ్మ, గోపయ్య, పరివార దేవతల విగ్రహాలను రంగులు వేయడానికి జగ్గయ్యపేట తీసుకువస్తారు. పేటలో దీనికోసం రంగుల మండపమే వుంది. రంగులు పూర్తయ్యాక మళ్ళీ ఊరేగింపుగా పెనుగంచిప్రోలు చేరుస్తారు. దారిలోని ఊళ్ళు ఎదురేగి, హారతులిచ్చి, నీళ్ళు వారపోసి సాగనంపుతాయి.

గుడిలోనే వేయించవచ్చు గదా, ఇంత దూరం తిప్పడం దేనికని అడిగే కుర్రవాళ్ళు వుంటారు. తిప్పడంలోనే అసలు సంగతి వుంది. గుడికి రాలేని ముసలివారు, బాలింతలు, కూలి మానుకోలేనివారు తమ గుమ్మంలో నుంచే ఆమెను చూస్తారు. మోసేవారు తమ కథ పిల్లలకు చెబుతారు. రంగు ఎండకూ తడికీ వెలిసిపోతుంది. జ్ఞాపకమూ అంతే. ఎప్పటికప్పుడు చేయి పడకపోతే ముఖం ఆనవాలు పట్టలేకుండా పోతుంది. రెండేళ్ళకొకసారి కళ్ళు, బొట్టు, చీర అంచు మళ్ళీ దిద్దాలన్న కట్టుబాటు పెట్టుకున్నవారు మనుషుల మనసు బాగా ఎరిగినవారు.

మాఘ పౌర్ణమికి పెద్ద తిరునాళ్ళు, ఫాల్గుణంలో చిన్న తిరునాళ్ళు. పెద్ద తిరునాళ్ళలో తిరుపతమ్మ గోపయ్యల కళ్యాణం జరుగుతుంది. అర్ధాంతరంగా ముగిసిన కాపురానికి ఊరు ఏటేటా మళ్ళీ పెళ్ళి చేస్తోందన్నమాట. చావు తారీఖుకు బదులు పెళ్ళిరోజును పండుగ చేసుకోవడం చూస్తే, పోయినవారిని ఏ క్షణంలో తలచుకోవాలో కూడా మన పెద్దలు ఎంచుకున్నారనిపిస్తుంది.

ధనబోడు మీద ఒక సోదరుడి పేరు

జగ్గయ్యపేట పట్నమే ఒక జ్ఞాపకం. ఒకప్పుడు బేతవోలు అనేవారు. అమరావతి ప్రభువు రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు తన తండ్రి జగ్గయ్య పేరు మీద పేట కట్టించి ఆ పేరు నిలిపారు. రాజులు తండ్రి పేర పట్నం కట్టగలరు. మామూలు మనిషి ఏం చేయగలడు? దానికీ ఇక్కడే జవాబు వుంది.

పట్నం పక్కన ధనబోడు అనే చిన్న గుట్ట మీద బౌద్ధస్తూపం శిథిలాలు వున్నాయి. 1882లో జేమ్స్ బర్జెస్ అనే పురావస్తు శాఖ అధికారి వీటిని పరిశీలించి లోకానికి తెలిపాడు. ఇక్కడి శిల్పాల్లో కొన్ని మద్రాసు మ్యూజియం చేరాయి. స్తూపం తూర్పు వాకిట నిలిపిన ఆయక స్తంభాల మీద ప్రాకృత శాసనాలు దొరికాయి. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని 20వ పాలనా సంవత్సరంలో చెక్కినవి. అంటే సుమారు 1700 ఏళ్ళ నాటివి. స్తంభాలు నిలిపినవాడు రాజు కాదు, మంత్రి కాదు. సిద్ధార్థుడు అనే శిల్పి. నాగచంద్రుడు అనే శిల్పి కొడుకు.

పుణ్యం తన ఒక్కడి ఖాతాలో వేసుకోలేదతను. తల్లి నాగిలని, భార్య సముదని, కొడుకు మూలసిరి, కూతురు నాగబుధనిక పేర్లు చెక్కించాడు. అక్కడితో ఆగలేదు. సోదరుడు బుధినక పేరు, అతని భార్య కనిక పేరు, వారి పిల్లల పేర్లు కూడా రాతిలో పెట్టించాడు. ఇక్ష్వాకుల కోటలు కూలిపోయాయి. ఆ శిల్పి సోదరుడు ఏం పని చేశాడో, ఎన్నాళ్ళు బ్రతికాడో శాసనం చెప్పదు. అన్న మాట ఒక్కటి రాతిలో వుంది, నాకొక సోదరుడున్నాడని. అదొక్కటే అతన్ని 1700 ఏళ్ళు దాటించింది. పేరు రాసి పెట్టడం అంత చిన్న పనేమీ కాదు.

అన్ని గడపల్లోనూ

తోబుట్టువుల జ్ఞాపకం ఒక మతం సొత్తు కాదు. మన ఊళ్ళలో ఏ గడప తొక్కినా ఏదో రూపంలో కనిపిస్తుంది. పేటలోని వైశ్యులు కొలిచే వాసవీ కన్యక కథలో ఆమెకు విరూపాక్షుడనే కవల సోదరుడున్నాడు. చెల్లెలు అగ్నిప్రవేశం చేశాక వంశం భారం మోసినవాడు అతడే. మేడారంలో సమ్మక్క కొడుకు జంపన్న, సారలమ్మకు తోబుట్టువు. అతడు పడిన సంపెంగ వాగును జంపన్న వాగు అన్నారు. రెండేళ్ళకొకసారి మాఘ పౌర్ణమి రోజుల్లో జాతరకు వెళ్ళేవారు ముందు ఆ వాగులో మునిగి తరువాతే గద్దెల దగ్గరకు వెళతారు. అక్కను చూడబోయేముందు తమ్ముడి పలకరింపు.

పీర్ల పండుగ మన ఊళ్ళలో హిందువులూ ముస్లిములూ కలిసి చేసుకునేది. 680లో కర్బలా మైదానంలో హుస్సేను అమరుడయ్యాడు. ఆయన వెంట ఆయన సోదరులు, కొడుకులు కూడా నేలకొరిగారు. జరిగింది జరిగినట్టు లోకానికి చెప్పినది ఆయన చెల్లెలు జైనబు. బందీగా డమాస్కసు తీసుకువెళ్ళినా ఆమె నోరు మూయలేదు. ఒక చెల్లెలు అన్నను గురించి చెప్పిన మాటలే 1300 ఏళ్ళుగా పీర్ల వీధుల్లో నడుస్తున్నాయనుకోవచ్చు.

క్రైస్తవుల ఇళ్ళలో ఈస్టరు తెల్లవారుజామున సమాధుల దగ్గరకు వెళ్ళి కొవ్వొత్తులు వెలిగిస్తారు. ముందురోజే గడ్డి పీకి, సున్నం వేసి, పూలు పెట్టి వుంచుతారు. చిన్న సమాధులకు పెద్ద సమాధులకన్న ఎక్కువ పూలు వుంటాయి. కార్తిక శుద్ధ విదియనాడు అన్నదమ్ములు అక్కచెల్లెళ్ళ ఇంట భోజనం చేయడం భగినీ హస్త భోజనం. చెల్లెలు యమున ఇంటికి యముడంతటివాడు భోజనానికి వెళ్ళిన రోజు అదని చెబుతారు. మహాలయ పక్షంలో తర్పణాలు విడిచేటప్పుడు తండ్రి తాతలతో పాటు పోయిన సోదరులకు, సోదరీమణులకు కూడా నువ్వులు నీళ్ళు వదులుతారు. భాద్రపద బహుళ నవమి ముత్తయిదువగా పోయిన ఆడవారిది.

ఇవన్నీ ఒక్కమాటే చెబుతున్నాయి. పోయినవారికి ఏడాదిలో ఒక రోజు కేటాయించాలి. మిగిలిన రోజుల్లో బ్రతికున్నవారి పని చూసుకోవాలి.

గుడి లేని వారు

చిన్న వయసులో పోయినవారందరికీ గుళ్ళు కట్టరు. ఇదే మెట్ట ప్రాంతంలో గుడి లేని చావులూ వున్నాయి. వాటిని గురించి చెప్పకుండా ఈ మాట ముగించడం న్యాయం కాదు.

1968 ఫిబ్రవరిలో కంచికచర్లలో కోటేశు అనే దళిత యువకుణ్ణి, దొంగతనం అంటగట్టి, స్తంభానికి కట్టి సజీవంగా తగలబెట్టారు. దేశమంతా ఉలిక్కిపడింది. పార్లమెంటులో చర్చకు వచ్చింది. ఆ కోటేశుకు ప్రభ కట్టినవారు లేరు. కాని అదే కంచికచర్లలో పుట్టిన కవి కలేకూరి ప్రసాద్ పెద్దయ్యాక ఆ పేరును తన కవితలోకి తెచ్చుకున్నాడు. రక్తసంబంధం లేకపోయినా ఆ పేరును సొంత తోబుట్టువు పేరులా మోశాడు. 2013లో ప్రసాద్ కూడా వెళ్ళిపోయాడు. కోటేశు పేరు మాత్రం ఆ కవిత చదివేవారి నోట ఇంకా పలుకుతోంది.

2022 జనవరి 10న చందర్లపాడు మండలం ఏటూరులో అయిదుగురు పిల్లలు మున్నేటిలో దిగి తిరిగి రాలేదు. సంక్రాంతి సెలవులు. ఇళ్ళలో పిండివంటల హడావుడి. ఒక్కరోజులో అయిదు గడపలు చీకటయ్యాయి. తల్లిదండ్రుల దుఃఖం అందరూ చూశారు. ఆ ఇళ్ళలో మిగిలిన అన్నలు, అక్కలు, చెల్లెళ్ళు ఎలా వున్నారో అడిగేవారు తక్కువ. తల్లిని ఓదార్చమని వారికి చెప్పి పంపుతాం. వారిని ఓదార్చేవారు ఎవరు?

మున్నేరు తల్లిలాంటిదే. పోలంపల్లి ఆనకట్ట కింద పొలాలు తడిపేది అదే. తిరునాళ్ళలో మునిగేదీ అందులోనే. కాని 2023 జులైలోనూ, 2024 సెప్టెంబరు మొదట్లోనూ వచ్చిన వరదలు ఊళ్ళను ముంచాయి. హైదరాబాదు, విజయవాడల మధ్య రాకపోకలు ఆగిపోయాయి. వరద తగ్గాక అడుగు మారిపోతుంది. నిన్న మోకాలిలోతు వున్నచోట నేడు నిలువెత్తు గుంత వుంటుంది. పైకి నీరు కదలకుండా కనిపిస్తుంది. పిల్లలకు ఈత నేర్పించడం, పెద్దవారు తోడు లేనిదే దిగవద్దని చెప్పడం, గుంతలున్నచోట కర్రలు పాతి ఎర్రగుడ్డ కట్టడం పెద్ద ఖర్చు కాదు. మునుగుతున్నవాడి కోసం ఈత రాని మరొకడు దిగడంతోనే ఒక ప్రాణం రెండవుతుంది. తాడో, చీరో, పొడవాటి కర్రో ఒడ్డు నుంచి అందించాలి. పోయిన పిల్లల పేర ఇదొక్కటి చేసినా అది గుడికి తక్కువ కాదు.

పేరు ఎత్తని ఇళ్ళు

మన ఇళ్ళలో ఒక అలవాటు వుంది. పిల్ల పోయిన ఇంట్లో ఆ పేరు ఎత్తరు. తల్లి వింటే తట్టుకోలేదని, తండ్రి అన్నం మానేస్తాడని, బట్టలు ఎవరికో ఇచ్చేస్తారు, పుస్తకాలు అటక ఎక్కిస్తారు, ఫొటో పెట్టె అడుగున పెడతారు. మంచి ఉద్దేశంతోనే చేస్తారు. కాని ఆ ఇంట్లో మిగిలిన పిల్లవాడు ఏమనుకుంటాడు? నిన్నటిదాకా పక్కన పడుకున్న అన్న ఇవాళ ఇంట్లో మాటగా కూడా లేడు. రేపు నేను పోయినా ఇంతేనా అనుకుంటాడు. లేదా నా వల్లే ఏదో జరిగిందేమో, అందుకే ఎవరూ మాట్లాడడం లేదేమో అని లోలోపల కుములుతాడు.

తాత పేరు మనవడికి పెట్టినట్టే, పోయిన అన్న పేరు తమ్ముడి కొడుక్కి పెట్టే ఇళ్ళూ వున్నాయి. అది మంచి పద్ధతే. అయితే పేరు పెట్టి, ఆ పేరుతో పిలవలేక బాబూ, చిన్నా అని సరిపెట్టుకునేవారు చాలామంది. పిల్లవాడికి ఎనిమిదో తొమ్మిదో ఏడు వచ్చాక ఆ పేరు ఎవరిదో కూర్చోబెట్టి చెప్పాలి. అతను ఎలా నవ్వేవాడు, ఏ చెట్టెక్కి పడ్డాడు, ఎద్దుల్ని ఏ పేర్లతో పిలిచేవాడు, ఏ కూరకు అలిగేవాడు అన్నీ చెప్పాలి. తిరుపతమ్మ కథలో ఆమె మహిమలు మాత్రమే చెప్పివుంటే ఇన్నేళ్ళు నిలిచేది కాదు. కొట్టంలో పడుకున్న సంగతి కూడా చెప్పారు గనుకే నిలిచింది.

ఫొటో లేని ఇళ్ళ వారు పేరు, పుట్టిన రోజు, పోయిన రోజు పంచాంగం అట్ట వెనకో, బైబిలు మొదటి పుటలోనో, ఇంటి లెక్కల పుస్తకంలోనో రాసి పెట్టుకోవచ్చు. ధనబోడు మీది శిల్పి చేసిన పనే ఇది. మనకు రాయి అక్కరలేదు, పెన్సిలు చాలు.

బ్రతికున్న చెల్లెలికి సారె

చివరగా చెప్పవలసింది ఒకటుంది. తిరుపతమ్మ కాలంలో పుట్టింటివారి చేతిలో ఏమీ లేదనుకుందాం. నేడు అలా అనడానికి వీలులేదు.

కుష్టుకు నేడు మందు వుంది. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పలు మందులు కలిపి ఇచ్చే చికిత్సను సిఫారసు చేసింది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా ఇస్తారు. వ్యాధి రకాన్ని బట్టి ఆరు నెలలో, ఏడాదో వాడితే నయమవుతుంది. చర్మం మీద స్పర్శ లేని మచ్చ కనిపిస్తే దాచుకోవడమే ప్రమాదం. కుష్టు వచ్చిందన్న కారణంతో విడాకులు కోరే హక్కును కూడా 2019లో చట్టం నుంచి తొలగించారు. ఏ కోడలినీ కొట్టంలో పడుకోబెట్టవలసిన పని లేదు.

వరకట్న నిషేధ చట్టం 1961 నాటిది. భర్త, అత్తింటివారు పెట్టే హింసను నేరంగా 1983లో చట్టంలో చేర్చారు. పెళ్ళయిన ఏడేళ్ళలోపు కట్నం వేధింపుల మధ్య జరిగే అనుమానాస్పద మరణాన్ని వరకట్న మరణంగా 1986లో చేర్చారు. 2024 జులై నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోనూ ఈ సెక్షన్లు వున్నాయి. గృహహింస నుంచి రక్షణకు 2005లో వేరే చట్టం వచ్చింది. ఆడపిల్లకు ఉమ్మడి ఆస్తిలో సమానవాటా ఇచ్చే సవరణ మన రాష్ట్రంలో 1985 సెప్టెంబరు 5 నుంచే వర్తిస్తోంది. దేశమంతటికీ 2005లో వచ్చింది. ఆపదలో వున్న ఆడవారు 181కి గానీ 112కి గానీ ఫోను చేయవచ్చు.

చట్టాలు పుస్తకంలో వుంటాయి. చెల్లెలి ఇంటి తలుపు తట్టవలసింది అన్నదమ్ములే. ఆస్తిలో వాటా అడుగుతుందేమోనని రాకపోకలు తగ్గించుకున్న అన్నలు మన ఊళ్ళలో లేకపోలేదు. పండుగకు చీర పంపి చేతులు దులుపుకునేవారూ వున్నారు. సర్దుకుపో అమ్మా అని తిరిగి బస్సెక్కించి పంపాక, నెల తిరక్కుండా శవాన్ని చూడవలసి వచ్చిన ఇళ్ళు వున్నాయి. అటువంటి ఇంట్లో ఎన్ని నువ్వులు, ఎన్ని నీళ్ళు వదిలినా ఆ దాహం తీరదు.

2022 ఏప్రిల్ నుంచి జగ్గయ్యపేట, నందిగామలు ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చాయి. జిల్లా పేరు మారినా మెట్ట మారలేదు, మున్నేరు మారలేదు. మాఘ పౌర్ణమి ఏటేటా వస్తుంది. అనిగండ్లపాడు నుంచి పసుపు కుంకుమల బండ్లు కదులుతాయి. దారి పక్కన నిలబడి చేతులెత్తి మొక్కేవారందరికీ ఒక మనవి. అమ్మవారికి మొక్కిన చేత్తోనే ఇంటికి వచ్చి, పోయిన తోబుట్టువు పేరు ఒకసారి బిగ్గరగా పలకండి, పిల్లలు వినేటట్టు. ఆ తరువాత అత్తవారింట వున్న అక్కకో చెల్లెలికో ఫోను చేయండి. కుదిరితే బయలుదేరి వెళ్ళండి. సారె పంపడానికి ఆమె అమ్మవారయ్యేదాకా ఆగనక్కరలేదు.